సంచకరువు ఎవరిచ్చారు?

తెలుగు సంఘాల్లో "రక్షణ నిశ్చయత" అన్న మాట వినని విశ్వాసి ఉండడు. దాని మీద పాటలున్నాయి, ప్రసంగాలున్నాయి, కరపత్రాలున్నాయి. ఇన్ని ఉన్నా కూటం ముగిసి ఇంటికి వచ్చి పడుకున్నాక పాత ప్రశ్న మళ్లీ తలెత్తుతుంది: నేను నిజంగా రక్షింపబడ్డానా? ఆ ప్రశ్నను ఇద్దరి మధ్య పెడుతున్నాను. ఒకరు ప్లీడరు. చర్చికి వెళ్లే మనిషే గాని, ఈ నిశ్చయత మాట వింటే ఆయనకు ఒళ్లు మండుతుంది. రెండో ఆయన లూథరన్ సంఘపు అయ్యగారు. ఇద్దరూ నా కల్పనే. వాళ్ల వాదాలు మాత్రం దాదాపు ఐదు వందల ఏళ్లుగా నలుగుతున్నవి. నా మొగ్గు అయ్యగారి వైపు ఉంది కాబట్టి, పదునైన ప్రశ్నలన్నీ ప్లీడరు చేతికే ఇచ్చాను.

ప్లీడరు: అయ్యగారూ, సూటిగానే అడుగుతాను. మన కూటాల్లో సాక్ష్యం చెప్పడానికి లేచినవాళ్లు ఫలానా ఏడాది, ఫలానా తేదీన రక్షణ పొందామంటారు. కోర్టులో సాక్షి తాను చూసింది చెప్పాలి, విన్నది చెప్పాలి. వీళ్లు చెప్పేది దేవుడు తమ గురించి ఇచ్చిన తీర్పు! దాని నకలు ఎవరి దగ్గరుంది? పైగా సాక్షీ కక్షిదారూ ఒక్కరే. హృదయమంత మోసకరమైనది లేదని యిర్మీయా చెప్పాక, ఆ హృదయమే సంతకం పెట్టిన సర్టిఫికెట్టు ఎలా చెల్లుతుంది? 1547 జనవరిలో ట్రెంటు మహాసభ చెప్పింది కూడా ఇదే. తాను కృప పొందానని పొరపాటుకు తావులేని నిశ్చయంతో ఏ మనిషీ తెలుసుకోలేడంది. దేవుడు ప్రత్యేకంగా బయలుపరిస్తే తప్ప, తాను ఏర్పరచబడినవారిలో ఒకడినని ఎవరూ ఖాయం చేసుకోకూడదంది. నేను కతోలికుణ్ని కాను. కానీ ఆ మాటలో ఉన్న అణకువ మీ నిశ్చయతలో నాకు కనబడదు.

అయ్యగారు: ట్రెంటును మనవాళ్లు చదవకుండానే తిడతారు. మీరు చదివారు, సంతోషం. అయితే ఆ అధ్యాయం ఇంకో మాట కూడా అంటుంది చూడండి. దేవుని కనికరాన్ని గాని, క్రీస్తు చేసిన పని విలువను గాని, సంస్కారాల శక్తిని గాని ఏ భక్తుడూ అనుమానించకూడదంటుంది. తన వైపు, తన బలహీనత వైపు చూసుకున్నప్పుడు మాత్రం భయపడడానికి మనిషికి కారణం ఉందంటుంది. విడివిడిగా చూస్తే రెండూ నిజాలే. నా పేచీ వాటిని విడివిడిగా ఉంచడంతోనే. క్రీస్తు చేసిన పని బలవంతుల కోసం కాదు గదా. నా బలహీనత నన్ను భయపెడితే, ఆ బలహీనుడి పేరునే రాసిన కాగితం వైపు ఆ భయం నన్ను తరమాలి. దానికి దూరంగా నిలబెట్టే భయాన్ని అణకువ అనడానికి నాకు నోరు రాదు. కాల్విన్ విశ్వాసాన్ని నిర్వచించినప్పుడు, దేవుడు మన పట్ల దయగా ఉన్నాడన్న స్థిరమైన ఎరుక అన్నాడు. ఆ ఎరుక దేవుణ్ని గురించినది, మన లోపలి స్థితిని గురించినది కాదు. మీరు సర్టిఫికెట్టు మీద హృదయం సంతకం ఉందనుకుని కొట్టేస్తున్నారు. ఆ సంతకం చెల్లదని నేనూ ఒప్పుకుంటాను. నేను చూపించే కాగితం మీద ఉన్న సంతకం వేరు.

మన భాష ఇక్కడ కొంత సాయం చేస్తుంది. "నమ్మకం" అనే మాట నమ్మేవాడి మనసుకూ వాడతాం, నమ్మదగిన మనిషి గుణానికీ వాడతాం. నమ్మకమైన మనిషి అంటే గట్టిగా నమ్మేవాడు అని కాదు, మనం నమ్మి అప్పు ఇవ్వదగినవాడు, తాళాలు అప్పజెప్పదగినవాడు అని. నిశ్చయత గురించి గొడవంతా ఈ మొదటి అర్థంలోనే తిరుగుతోంది. నా నమ్మకం ఎంత, దాని బరువెంత, అసలుదా నకిలీదా అంటూ. అపొస్తలులు ఎక్కువగా పట్టుకున్నది రెండో అర్థాన్ని. పౌలు మూడు చోట్ల ఒక వ్యాపారపు మాట వాడాడు. కొరింథీయులకు రాసిన రెండో పత్రికలో రెండుసార్లు, ఎఫెసీయులకు రాసినదానిలో ఒకసారి. మన తెలుగు బైబిలు దాన్ని "సంచకరువు" అంది. ఈ రోజుల్లో బయానా అంటాం. దేవుడు తన ఆత్మను విశ్వాసులకు సంచకరువుగా ఇచ్చాడంటాడు పౌలు. ప్లీడరు గారూ, ఇది మీ ఇలాకాలోని మాట. బయానా ఎవరిని కట్టిపడేస్తుంది?

ప్లీడరు: ఇచ్చినవాడిని. వెనక్కి తగ్గితే బయానా పోతుంది. కానీ అయ్యగారూ, ఒప్పందం చెడేది కొనేవాడు తప్పుకున్నప్పుడే కాదు. అమ్మేవాడు అడ్డం తిరిగిన దావాలు నా దగ్గర ఎక్కువ. దేవుడు తప్పుకోడనే అనుకుందాం. మనిషి తప్పుకుంటే? హెబ్రీయుల పత్రిక ఆరో అధ్యాయం వెలుగు చూసి, పరలోకపు వరం రుచి చూసి, ఆత్మలో పాలు పొంది కూడా తప్పిపోయినవాళ్ల గురించి మాట్లాడుతోంది. మత్తయి ఏడో అధ్యాయంలో ప్రభువా ప్రభువా అన్నవాళ్లనే ప్రభువు ఎరగనంటాడు. వాళ్లకు నిశ్చయత తక్కువైందా? అందరికన్నా ఎక్కువ నిశ్చయత వాళ్లకే ఉంది. తలుపు దగ్గరికి వచ్చేదాకా వాళ్లకు అనుమానమే రాలేదు. అంటే గట్టి నిశ్చయత గల మనిషి కూడా బయటే ఉండిపోవచ్చు.

అయ్యగారు: నిజమే, దొంగ నిశ్చయత ఉంది. దొంగనోట్లు ఉన్నాయని అసలు నోట్లు పారేయం గాని, దొంగనోటు ఎలా ఉంటుందో చూడాలి. మత్తయిలోని ఆ మనుషుల వాదన వినండి. నీ పేరున ప్రవచించాం, దయ్యాలు వెళ్లగొట్టాం, అద్భుతాలు చేశాం అంటారు. వాళ్ల దావా అంతా తాము చేసిన పనుల పట్టిక. నీవు మా కోసం చచ్చావు, నీ కనికరం తప్ప మాకేమీ లేదు అన్న ఒక్క ముక్క అందులో లేదు. వాళ్ల నిశ్చయత తమ మీద తమకున్నది. కాబట్టి ఆ వాక్యభాగం మీరు ఖండిస్తున్న దాన్నే ఖండిస్తోంది, నేను చెబుతున్నదాన్ని కాదు. తండ్రి చిత్తం చేయాలన్న మాట అక్కడ ఉందని మీరంటారు. ఉంది. ఆయన్ని ఎరిగినవాడు ఆయన మాట వింటాడు. ప్రభువు వాళ్లతో ఎరగనన్నాడు, ఒకప్పుడు ఎరిగి మరిచానని అనలేదు.

హెబ్రీయుల ఆరో అధ్యాయాన్ని నేను తేలిక చేయను. అది హెచ్చరిక, హెచ్చరికగానే చదవాలి. విశ్వాసి చివరికి తప్పిపోగలడా అన్నదాని మీద కాల్విన్ బాటవాళ్ల డోర్టు సభ 1619లో ఒక రకంగా తీర్చింది, మేము లూథరన్లం, వెస్లీ మనుషులు ఇంకో రకంగా చెబుతాం. ఆ తగవు ఇవాళ తెగదు, మన ప్రశ్నకు అది తెగనక్కరలేదు కూడా. ఎందుకంటే ఆ రచయిత అదే అధ్యాయంలో, భయపెట్టిన నోటితోనే, మీ విషయంలో మేము మంచివే నమ్ముతున్నామని పాఠకులతో అంటాడు. ఆ వెంటనే దేవుడు అబ్రాహాముకు చేసిన ప్రమాణం దగ్గరికి తీసుకెళ్లి, నిరీక్షణను లంగరు అంటాడు. ఆ లంగరు తెర లోపలికి వెళ్లి పట్టుకుందంటాడు. ఓడలోనే పడి ఉన్న లంగరు ఓడను ఆపలేదు గదా. హెచ్చరిక వినగానే తన లోపలికి తొంగిచూసుకుని కూర్చునేవాడు లంగరును ఓడ అడుగున వెతికేవాడే. వినగానే క్రీస్తు వైపు పరుగెత్తినవాడి మీద ఆ హెచ్చరిక తన పని చేసింది.

ప్లీడరు: లంగరు బాగుంది, బయానా బాగుంది. కానీ మీరు ఒక మెట్టు దాటేశారు. క్రీస్తు నమ్మదగినవాడే, ఒప్పుకున్నాను. ఆయన వైపు నేను నిజంగా పరుగెత్తానో లేదో ఎలా తెలుస్తుంది? దస్తావేజు అసలుదే కావచ్చు. అందులో ఉన్న పేరు నాదేనా? మీ ప్రొటెస్టెంట్లు ఈ ప్రశ్నను తప్పించుకోలేకపోయారు. విలియం పెర్కిన్స్ 1592లో ఒక పుస్తకమే రాశాడు, మనిషి తాను దేవుని బిడ్డనో కాదో తెలుసుకోవడం ఎలా అని. జవాబుగా గురుతులు వెతకమన్నారు. పాపం మీద అసహ్యం ఉందా, ప్రార్థన మీద ఆశ ఉందా, సహోదరుల మీద ప్రేమ ఉందా అని. ఆ గురుతులు అసలువా నకిలీవా తేల్చడానికి మళ్లీ గురుతులు. ఇంగ్లండులో రెండు మూడు తరాల మనుషులు డైరీల్లో తమ గుండెను తామే కోసి చూసుకున్నారు. పశ్చాత్తాపం దగ్గర, బలిపీఠం దగ్గర ఆగే కతోలికుడికి ఈ బాధ కొంత తక్కువ. నిశ్చయత కావాలని మీరు పట్టుబట్టిన చోటే అది లేనివాడి నిరాశ పుట్టింది.

నా వృత్తివాడినే చూపిస్తాను. ఫ్రాంచెస్కో స్పియేరా, ఇటలీలో చిత్తడెల్లా ఊరి ప్లీడరు. సంస్కరణ బోధలను నమ్మాడు. 1548లో విచారణాధికారుల భయానికి వెనిసులో, ఆ తర్వాత సొంత ఊళ్లో వాటిని ఖండించాడు. అప్పటి నుంచి తనకు క్షమాపణ లేదని పట్టుబట్టాడు. చుట్టూ చేరిన పండితులు వాక్యాలు చదివి వినిపించారు. వెర్జేరియో అనే బిషపు కూడా వచ్చి చూశాడు. ఎవరి మాటా వినకుండా ఆ ఏడాది ఆఖరులోనే చనిపోయాడు. వందేళ్ల తర్వాత ఆ కథ చదివి జాన్ బన్యన్ ఎంత కుంగిపోయాడో 1666లో అచ్చయిన అతని ఆత్మకథలో ఉంది. చెప్పండి, వీళ్లకు మీ దస్తావేజు ఎందుకు పనికిరాలేదు?

అయ్యగారు: పెర్కిన్స్ విషయంలో మీతో సగం ఏకీభవిస్తాను. ఆయన దురుద్దేశంతో రాయలేదు, నలిగిన మనసులకు మందుగానే రాశాడు. కానీ మోతాదు తప్పింది. యోహాను మొదటి పత్రికలో గురుతులు ఉన్న మాట వాస్తవం. క్రీస్తును ఒప్పుకోవడం, నీతిగా నడవడం, సహోదరులను ప్రేమించడం. అయితే ఆ పత్రిక ఎందుకు రాశాడో ఐదో అధ్యాయంలో ఆయనే చెప్పాడు, నమ్మినవాళ్లు తమకు నిత్యజీవం ఉందని తెలుసుకోవడానికి. సంఘం విడిచిపోయిన బోధకుల వల్ల బెదిరిన మనుషులకు ధైర్యం చెప్పే ఉత్తరం అది. దాన్ని ప్రశ్నపత్రం చేసి చేతికిస్తే ఎలా? మూడో అధ్యాయంలో ఇంకా స్పష్టంగా ఉంది. మన హృదయం మన మీద నేరం మోపినా దేవుడు మన హృదయం కన్నా గొప్పవాడంటాడు. అంటే హృదయం కింది కోర్టు. అది శిక్ష వేసినా అప్పీలుంది, వదిలేసినా అదే తుది తీర్పు కాదు. మీరు మొదట యిర్మీయాను చూపి హృదయం మోసకరమన్నారు గదా. ఆ మోసం ఒక వైపే పనిచేస్తుందా? నువ్వు బాగున్నావని అబద్ధం చెప్పే హృదయం, నీకు ఇక దిక్కు లేదని కూడా అబద్ధం చెప్పగలదు. మొదటిదాన్ని నమ్మవద్దంటాం, రెండోదాన్ని మాత్రం దేవుని స్వరం అనుకుంటాం. ఎందుకో నాకు ఎప్పుడూ అర్థం కాలేదు.

ఇప్పుడు స్పియేరా. జాలిపడాల్సిన మనిషి, అతని చివరి లెక్క దేవునికి తెలుసు. వాదన వరకే చూద్దాం. అతని దగ్గరికి వచ్చిన ప్రతి వాగ్దానాన్నీ అతను నిజమేనని ఒప్పుకునేవాడు, నాకు మాత్రం కాదు అనేవాడు. ఆ "నాకు మాత్రం కాదు" ఎక్కడ రాసి ఉంది? ఏ పుస్తకంలోనూ లేదు. ప్లీడరుగా వచ్చి జడ్జి కుర్చీలో కూర్చున్నాడు. పేతురు మూడుసార్లు బొంకాడు, అతనికి ప్రభువు గొర్రెలనే అప్పగించాడు. దస్తావేజులో నా పేరుందా అని మీరడిగారు. అందులో రాసింది పేరు కాదు, వర్ణన. దప్పిగొన్నవాడు, భారం మోసేవాడు, వచ్చేవాడు అని. తన దగ్గరికి వచ్చేవాడెవడినీ తోసివేయనన్న యేసు మాట పట్టుకునే బన్యన్ గట్టెక్కాడు. ఆ ఒక్క మాట మీద 1678లో ఒక పుస్తకం రాశాడు. అదే ఏడాది వచ్చిన యాత్రికుని ప్రయాణంలో సందేహాల కోటలో బందీ అయినవాళ్లు దారి తప్పిన అన్యులు కారు, దారిలో చాలా దూరం వచ్చిన విశ్వాసులు. తాళం తెరిచింది వాగ్దానం అనే చెవి. అది బయటి నుంచి ఎవరూ తెచ్చివ్వలేదు, దెబ్బలు తింటున్నన్నాళ్లూ క్రైస్తవుడి రొమ్ము దగ్గరే ఉంది. ఆ కథలో నాకు నచ్చే వివరం అదే.

అందుకే, నేను అప్పుడు సరిగ్గా నమ్మానా అన్న ప్రశ్నకు జవాబు వెతకమని నేను ఎవరికీ చెప్పను. అది గడిచిపోయిన కాలం, మనకు మన జ్ఞాపకం తప్ప సాక్షి లేడు. ఇప్పుడు క్రీస్తు మీద ఆనుకోవచ్చు గదా. అప్పటిది కల్తీ అయితే ఇదే మొదటిది అవుతుంది, అసలుదే అయితే ఇది దాని కొనసాగింపు. రెండు దారులూ ఒకే తలుపు దగ్గరికి వస్తాయి. బాప్తిస్మమిచ్చు యోహానును చూడండి. యొర్దాను ఒడ్డున గొర్రెపిల్ల అని వేలు పెట్టి చూపినవాడే చెరసాలలో ఉండి, వస్తానన్నవాడివి నీవేనా, ఇంకొకరి కోసం చూడాలా అని కబురు పంపాడు. యేసు ఏమన్నాడు? యోహాను విశ్వాసాన్ని పరీక్షించలేదు. గుడ్డివాళ్లు చూస్తున్నారు, కుంటివాళ్లు నడుస్తున్నారు, వెళ్లి చెప్పండన్నాడు. సందేహించేవాడి కళ్లను అతని బయటికి తిప్పాడు. ఆ శిష్యులు వెళుతుండగానే జనం ముందు యోహానును పొగిడాడు. లూథరు తన పెద్ద కాటెకిజంలో కలతలో ఉన్నవాణ్ని అతని బాప్తిస్మం దగ్గరికి పంపడం కూడా ఇందుకే. బాప్తిస్మం మనకు మనం ఇచ్చుకునేది కాదు, ఇంకొకరు మన మీద నీళ్లు పోయాలి.

ప్లీడరు: బాప్తిస్మం ఎత్తారు కాబట్టి మన ఊళ్ల కథే అడుగుతాను. 1878 జూలై 3న ఒంగోలు దగ్గర గుండ్లకమ్మలో ఒక్క రోజున 2,222 మంది బాప్తిస్మం పొందారు. ధాత కరువు వెనకే వచ్చిన సంగతి అది. అన్నం కోసం కలిశారని అప్పుడూ అన్నారు, ఇప్పుడూ అంటున్నారు. వాళ్లందరికీ నిశ్చయత ఉందంటారా?

అయ్యగారు: అక్కడి మిషనరీ క్లౌ దొర బకింగ్‌హాం కాలువ కాంట్రాక్టు తీసుకుని కరువు పనులు చేయించినంత కాలం బాప్తిస్మాలు ఆపేశాడు, అదీ చెప్పండి. ఏడాదికి పైగా అడిగి అడిగి, కూలి ఆశ తీరిపోయాక కూడా నిలబడి ఉన్నవాళ్లు వాళ్లు. సంఘం చూడగలిగింది అంతవరకే. ఆ 2,222 మంది లోపల ఏముందో క్లౌకు తెలియదు, మనకూ తెలియదు. వాళ్లందరిదీ ఒకే తేదీ అన్నది మాత్రం తెలుసు. తేదీయే నిశ్చయతకు పునాది అయితే ఆ నదిలో దిగినవాళ్లందరికీ సమానంగా ఉండాలి. ఎక్కడా అలా ఉండదు. తేదీ ఉన్నవాడు దేవునికి కృతజ్ఞత చెప్పుకోవచ్చు. తేదీ లేనివాడు, క్రైస్తవ ఇంట్లో పుట్టి ఎప్పుడు నమ్మడం మొదలుపెట్టాడో గుర్తులేనివాడు, దానికి బెంగపడనక్కరలేదు. ఈ రాత్రి చచ్చిపోతే ఎక్కడికి వెళ్తావని మైకు ముందు గద్దించి, చేతులెత్తినవాళ్లను లెక్కపెట్టే పద్ధతి మీద మీకున్న కోపమే నాకూ ఉంది. అక్కడ పుట్టేది ఎక్కువగా భయం, ఆ భయం చల్లారినప్పుడు కలిగే హాయిని రక్షణ అనుకుంటారు. ఆ హాయి పోగానే రక్షణ కూడా పోయిందనుకుని, మళ్లీ వచ్చే ఏడాది అదే కూటంలో అదే చెయ్యి ఎత్తుతారు.

ప్లీడరు: ఇంత ధైర్యం చెప్పేస్తే మనిషి విచ్చలవిడి కాడా?

అయ్యగారు: ఆ అభ్యంతరం పౌలుకే ఎదురైంది, రోమా పత్రిక ఆరో అధ్యాయం దానితోనే మొదలవుతుంది. మన బోధ మీద ఆ అనుమానం ఎవరికీ రాకపోతే మనం పౌలు బోధ చెప్పడం లేదనే అర్థం. కూలి ఇస్తారో లేదోనన్న భయంతో చేసే పని వేరు, ఇల్లు తనదేనని తెలిసినవాడు చేసే పని వేరు. ఇంతకన్నా దాని మీద చెప్పాల్సింది లేదు.

ప్లీడరు: సరే, చివరి ప్రశ్న. దీనికి మీ దగ్గర జవాబు ఉంటుందని నేననుకోను. జాన్ వెస్లీ 1738 మే 24న ఆల్డర్స్‌గేట్ వీధిలో తన గుండె వెచ్చబడిందన్నాడు. మీ నిశ్చయతకు అంతకన్నా పేరున్న తేదీ లేదు. 1766లో తమ్ముడు చార్లెస్‌కు రాసిన ఉత్తరంలో ఆయనే, తనకు దేవుని మీద ప్రేమ లేదని, ఎప్పుడూ లేదని రాసుకున్నాడు. విలియం కూపర్ సంగతి ఇంకా ఘోరం. జాన్ న్యూటన్‌తో కలిసి ఓల్నీ కీర్తనలు రాసిన కవి. 1773లో ఒక కలలో తాను నశించానన్న మాట విన్నాననుకున్నాడు. అప్పటి నుంచి చర్చి గడప తొక్కలేదు. 1800లో అదే నిరాశతో పోయాడు. వాగ్దానాలు తెలియనివాడా? వాటినే పాటలు కట్టాడు. వీళ్లు రక్షణ లేనివాళ్లంటారా?

అయ్యగారు: అనను. వెస్లీ కూడా మొదట్లో నిశ్చయత లేనిదే విశ్వాసం లేదన్నట్టు బోధించి, పోను పోను ఆ మాట సడలించుకున్నాడు. వెస్ట్‌మినిస్టర్ విశ్వాస ప్రమాణం పద్దెనిమిదో అధ్యాయం 1646లోనే ఆ తేడా రాసిపెట్టింది. నిజమైన విశ్వాసి ఈ నిశ్చయత దొరక్క చాలాకాలం పెనుగులాడవచ్చని, దొరికినది కూడా చెదిరిపోవచ్చని. రక్షణ వేరు, రక్షింపబడ్డానన్న తెలివిడి వేరు. పొలం పట్టా నీ పేరున ఉండడం, ఆ సంగతి నీకు గుర్తుండడం ఒకటి కావు. మతి తప్పిన ముసలి రైతు తన పొలం ఎవరిదో చెప్పలేడు, పట్టా మాత్రం మారదు. ఇది చెప్పకుండా నిశ్చయత గురించి ప్రసంగించేవాడు నలిగిన రెల్లును విరుస్తాడు.

కూపర్‌ది జబ్బు, ప్లీడరు గారూ. 1773కు ముందూ అతనికి మతి చెదిరింది, వైద్యుడి దగ్గర ఉన్నాడు. ఒకే సందేహం రోజుకు వందసార్లు వచ్చి, ప్రతిసారీ ఎవరో ఒకరు ఏమీ కాదని చెబితేనే నిద్రపట్టే మనుషులు మన సంఘాల్లోనూ ఉంటారు. మనోవైద్యులకు ఆ జబ్బు తెలుసు. అడిగినప్పుడల్లా భరోసా ఇస్తూ పోతే అది పెరుగుతుందనీ తెలుసు. అలాంటివాడికి వాదన మీద వాదన చెప్పి గెలవాలనుకోవడం బోధకుడి తెలివితక్కువ. నేను ఇందాకటి నుంచీ చెప్పిందంతా వాదనతో కదలగల సందేహానికే. రెండోది ముందు వైద్యుడికి చూపించాల్సినది.

ప్లీడరు: అంటే కూపర్ ముందు మీ వాదన ఓడిపోయినట్టే.

అయ్యగారు: వాదన ఓడింది. ఆ కల వచ్చిన ఏడాది న్యూటన్ ఓల్నీలో పాస్టరు. కూపర్‌ను తన ఇంటికి తెచ్చుకున్నాడు. తన ఇంటికి తాను తిరిగి వెళ్లనని కూపర్ మొండికేస్తే, ఏడాదికి పైగా అక్కడే ఉంచుకున్నాడు. నీవు రక్షింపబడ్డావని అతన్ని ఒప్పించడం న్యూటన్ వల్ల కాలేదు. పొమ్మని మాత్రం అనలేదు.